పోర్చుగల్ సారు కొట్టని గోల్

నేను రాసిన వార్తల్లో అన్నింటికన్నా ఎక్కువ దూరం వెళ్లినది ఒకటుంది. మామూలుగా నా వార్తలు ఖమ్మం దాటేవి కావు. గోదావరి పొంగినప్పుడు మాత్రం హైదరాబాద్ పేజీలో నాలుగు లైన్లుగా తేలేవి. ఇది పోర్చుగల్ దాకా వెళ్లింది. అక్కడ ఒక కాఫీ దుకాణం గోడ మీద అద్దం బిగించిన పటంలో ఇప్పటికీ వేలాడుతోందట. దానిలో లోపం ఒక్కటే. అందులో రాసింది జరగలేదు.

కొత్తగా విలేకరులైన పిల్లలు అప్పుడప్పుడు ఇంటికొస్తారు. ‘మీరు రాసిన పెద్ద వార్త ఏది సార్?’ అని అడుగుతారు. వరదల గురించో, చర్ల అడవుల్లో కాల్పుల గురించో చెబుతాననుకుంటారు. నేను ఈ గోల్ సంగతి మొదలుపెడతాను. కొందరు మర్యాదకు నవ్వి, టీ తాగి వెళ్లిపోతారు. వెళ్లకుండా కూర్చునేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

భద్రాచలంలో మా పత్రిక కార్యాలయం అంటే కిరాయికి తీసుకున్న ఒక గది, రెండు కుర్చీలు, నేను. అడవి మండలాల వార్తలన్నీ కలిపి ఒక పేజీ వచ్చేది. దాన్ని జోన్ పేజీ అంటాం. ఆ పేజీ తెల్లారేసరికి చర్ల అవతలికి చేరాలి. ఆ రోడ్ల సంగతి తెలిసిందే కాబట్టి అన్ని పేజీలకన్నా ముందు అదే అచ్చుకు వెళ్లేది. శనివారం మరీ తొందర. మధ్యాహ్నం మూడున్నరకే ఖమ్మం డెస్క్ తలుపు మూసేది. మా ప్రాంతంలోనేమో ఏ కార్యక్రమమూ సాయంత్రం నాలుగుకు ముందు మొదలవదు. ఈ రెండింటి మధ్య ఇరుక్కున్న విలేకరికి ఉన్న దారి ఒక్కటే: జరగబోయేదాన్ని జరిగిపోయినట్టు రాయడం. దీన్ని మేం అడ్వాన్స్ కాపీ అనేవాళ్లం.

అందులో నాకు మంచి పేరుండేది. అంతకుముందు ఖమ్మంలో పనిచేసిన రోజుల్లో, హైదరాబాద్ నుంచి బయలుదేరిన మంత్రి దారిలో కుసుమంచి ఊరు చేరకముందే ఆయన చేత మొక్క నాటించి, నీళ్లు పోయించి, పచ్చదనం మీద రెండు మాటలు చెప్పించేవాణ్ణి. ఆయన వచ్చి సరిగ్గా ఆ రెండు మాటలే చెప్పేవాడు. అది నా అనుభవం అనుకుని గర్వపడ్డాను. అది మంత్రుల అనుభవమని చాలా ఆలస్యంగా తెలిసింది.

నా రిటైర్మెంటుకు ఏడాది ఉందనగా గోదావరి అవతల సారపాక కాగితం మిల్లుకు ఒక కొత్త యంత్రం వచ్చింది. దాన్ని బిగించడానికి, అమ్మిన కంపెనీవాళ్లు కొందరు విదేశీయులను పంపారు. వాళ్లలో ఒకాయన పోర్చుగల్ మనిషి. నలభై దాటి ఉంటాయి. ఎడమ కాలు కాస్త జాగ్రత్తగా వేసి నడిచేవాడు. ఆయన ఒకప్పుడు జీతం తీసుకుని ఫుట్‌బాల్ ఆడినవాడని కనిపెట్టింది మాత్రం పీఈటీ సారు.

పీఈటీ సారు సారపాకలో వ్యాయామ ఉపాధ్యాయుడు. క్యాథలిక్. మా వైపు వాలీబాల్ ఊరూరా ఉంటుంది, క్రికెట్ ఇంటింటా ఉంటుంది, ఫుట్‌బాల్ మాత్రం మిషన్ హాస్టళ్ల పుణ్యమే. ఆ హాస్టళ్లలో ఆయన ఇరవయ్యేళ్లు ఆట నేర్పాడు. ఒక సోమవారం ఉదయం నా గదిలోకి వచ్చి, కుర్చీలో కూర్చోకుండానే మొదలుపెట్టాడు.

“అన్నా, పోర్చుగల్ ప్లేయర్ దొరికిండు.”

“పోర్చుగలా? అంటే ఆయనేనా...”

“ఆయన కాదు. ఆ దేశం పేరు చెప్తే సాలు, అందరూ గాయన పేరే తీస్తరు. ఈయన వేరే. మిడ్‌ఫీల్డరు. నిన్న మా చర్చి గుడికొచ్చిండు. పూజ అయినంక బయట పోరగాళ్లు ఆడుతుంటే బంతి ఈయన దిక్కు పోయింది. ఎవరి కాలికన్న బంతి వచ్చి తగుల్తది. ఈయన కాలే పోయి బంతిని దగ్గరికి తీసుకున్నది. గప్పుడే అనుకున్న, ఇది అన్నం పెట్టిన కాలు అని. పోయి అడిగిన. అవ్, ఆడిన అన్నడు.”

“అయితే ఇంటర్వ్యూ వేద్దాం.”

“ఇంటర్వ్యూ కాదన్నా నాకు కావాల్సింది. మా గోల్‌కీపర్ కోసం వచ్చిన.”

ఆ గోల్‌కీపర్‌ను నేనెరుగుదును. చర్ల అవతల అడవి పల్లె అతనిది. పీఈటీ సారు హాస్టల్లోనే పెరిగాడు. డిగ్రీ అయ్యాక పని దొరక్క, మిల్లుకు వచ్చే లారీల దగ్గర జామాయిల్ కర్ర దించే పనిలో చేరాడు. లారీ పైనుంచి ఒకడు కర్ర జారవిడిస్తే కింద నిలబడ్డవాడు పట్టి పక్కన పేర్చాలి. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా అదే పని. చేతులు గరుకెక్కి చెక్కల్లా ఉండేవి. మనిషి మాత్రం మాట్లాడితే వినబడేది కాదు.

చర్ల దగ్గర ఒక ఆశ్రమ పాఠశాలలో ఫుట్‌బాల్ కోచ్ ఉద్యోగం పడింది. కాంట్రాక్టుదే, అయినా ఉద్యోగం. అతని వయసుకు అదే ఆఖరి అవకాశం. ఇంటర్వ్యూ వచ్చే సోమవారం. ఆట వచ్చు, డిగ్రీ ఉంది. పెద్ద ఆటగాళ్లతో ఆడినట్టు చూపించడానికి కాగితం మాత్రం లేదు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మా వైపు ఆటగాళ్ల ఫైళ్లలో సర్టిఫికెట్ల కన్నా పేపర్ కటింగులు ఎక్కువ ఉంటాయి. మండల పోటీలకు సర్టిఫికెట్ ఇస్తామంటారు, ఇవ్వరు. పత్రికలో పేరు వస్తే దాన్ని కత్తిరించి, లామినేషన్ చేయించి, దేవుడి పటంలా దాచుకుంటారు. ఇంటర్వ్యూలో అధికారులు కూడా ముందు అవే చూస్తారు. మేం తొందరలో రాసి మర్నాటికి మరిచిపోయే నాలుగు లైన్లు ఇంకొకడి బతుకులో దస్తావేజు అవుతాయని నాకు తెలుసు. తెలిసీ ఏం చేశానో చెబుతాను.

“శనివారం మ్యాచ్ పెడుతున్న,” అన్నాడు పీఈటీ సారు. “మిల్లు కాలనీ టీముల పోర్చుగల్ సారు. ఎదురుంగ మా చర్ల టీము. గోల్‌ల మావోడు. ఆదివారం పేపర్ల వస్తది, సోమవారం ఫైల్ల పెడ్తడు. విదేశీ ప్లేయర్‌కు ఎదురు నిలబడ్డోడని. నువ్వు పేరొక్కటి రాస్తే సాలన్నా.”

“ఆయన గోల్ కొడితే?”

“కొట్టనీ. గసొంటోనితోని గోల్ పడితే సిగ్గేంది? పేరుండాలె. గంతే.”

శుక్రవారం ఇద్దరం కలిసి పోర్చుగల్ సారు దిగిన గెస్ట్ హౌస్‌కు వెళ్లాం. ఆయన ఇంగ్లిష్ నా ఇంగ్లిష్ లాగే ఉండటంతో ఒకరికొకరం బాగా అర్థమయ్యాం. కిటికీ తెరిచి గాలి పీల్చి, “మా ఊరి వాసన,” అన్నాడు. నాకు తెలియని సంగతి అది. పోర్చుగల్ కొండల నిండా కూడా జామాయిలేనట. వాళ్ల నాన్న జీవితమంతా అక్కడి కాగితం మిల్లులోనే పనిచేశాడట. భద్రాచలం చూడటానికి వచ్చే విదేశీయులను చాలామందిని ఇంటర్వ్యూ చేశాను. అందరూ గోదావరి బాగుందన్నారు, రాముడు బాగున్నాడన్నారు. సారపాక మిల్లు దగ్గర గాలి బాగుందన్న మనిషి ఈయనొక్కడే.

తన ఆట గురించి ఆయన చెప్పిన తీరు నాకింకా గుర్తుంది. గొప్ప లేదు, బాధా లేదు. పద్దెనిమిదేళ్లకు ఊరి పక్క క్లబ్బులో చేరాడు. తర్వాత రెండో డివిజన్‌లో ఒకదాని తర్వాత ఒకటి చాలా క్లబ్బులు. ఒక్క ఏడాది మాత్రం మొదటి డివిజన్. ఆ ఏడాది ఎక్కువ భాగం బెంచీ మీద కోటు కప్పుకుని కూర్చున్నాడు. రెండేళ్లు వేరే దేశంలో ఆడాడు. అక్కడి క్లబ్బు మూతపడితే తాళం వేసిన గేటు ముందు బ్యాగుతో నిలబడ్డాడు. తర్వాత మోకాలు. ముప్పై మూడుకు ఆట ముగిసింది. నాన్న మాట విని యంత్రాల పని నేర్చుకున్నాడు.

ఆ ప్రశ్న అడగకుండా ఉండలేకపోయాను. ఆ మహా ఆటగాడితో ఎప్పుడైనా ఆడారా?

“ఆయన ఆడిన మైదానంలో ఆడాను,” అన్నాడు. “ఆయన లేని రోజు.”

ఎన్ని గోల్స్ కొట్టారని అడిగాను. బొటనవేలు, చూపుడువేలు కలిపి సున్నా చుట్టి చూపించాడు. “నా పని వేరు. ఎదుటివాళ్ల దగ్గర బంతి తీసుకోవాలి. పక్కవాడికివ్వాలి. పక్కవాడు ముందువాడికిస్తాడు. ముందువాడు కొడతాడు. ఫోటో వాడిది.”

మా డెస్క్‌లో సబ్ ఎడిటర్లు గుర్తొచ్చారు. నా వంకర వాక్యాలను ముప్పై ఏళ్లు సరిచేసి ముందుకు పంపినవాళ్లు. పేరు నాది పడింది.

“ఒక్కసారి కొట్టాను,” అన్నాడు మళ్లీ. “రిఫరీ ఒప్పుకోలేదు. నాది కాదు తప్పు, మావాడొకడు ఆఫ్‌సైడ్‌లో నిలబడ్డాడు. మా నాన్న ప్రతి ఆదివారం నా మ్యాచ్‌కు వచ్చేవాడు. రాలేకపోతే ఫోన్ చేసేవాడు. ఒకటే ప్రశ్న, కొట్టావా? ఇప్పటికీ అడుగుతాడు. నేను యంత్రం బిగించి వచ్చినా అడుగుతాడు.”

శనివారం మధ్యాహ్నం రెండున్నరకు నేను మైదానంలో ఉన్నాను. మ్యాచ్ నాలుగింటికి. పేజీ మూడున్నరకు. పోర్చుగల్ సారు అప్పటికే వచ్చి సాక్సులు సర్దుకుంటున్నాడు. గోల్‌కీపర్ సగం పూట పని చేసుకుని సరాసరి లారీ దగ్గర నుంచే వచ్చాడు. చొక్కాకు బెరడు పొట్టు అంటుకుని ఉంది. నాకు ఫోటో కావాలి. పోర్చుగల్ సారును బంతి కొట్టమన్నాను. కీపర్‌ను గోల్‌లో నిలబడమన్నాను. మొదటి బంతి కొట్టగానే అతను పట్టేశాడు.

“పట్టకు,” అన్నాను. “బంతి వెనక వలలో ఉండాలి. ఫోటో బాగొస్తది.”

“ఊకెనే ఇడిసిపెట్టాల్నా సార్?”

“ఫోటో కోసమేనయ్యా.”

అతను నా వైపు చూసి, పీఈటీ సారు ఎక్కడున్నాడా అని చూసి, చేతులు కిందికి దించాడు. రెండో బంతి అతని పక్క నుంచి వలలోకి వెళ్లింది. మంచి ఫోటో వచ్చింది.

జామాయిల్ నీడలో కూర్చుని ఫోన్‌లో వార్త కొట్టాను. ‘సారపాకలో జరిగిన స్నేహపూర్వక మ్యాచ్‌లో పోర్చుగల్ ఆటగాడు’ అన్నంతవరకూ నిజమే. మ్యాచ్ మొదలైందని మాత్రం రాసి ఊరుకోవచ్చు. ఆ దారి ఉంది. ఎవరూ అడ్డం లేరు. కానీ ఫలితం లేని ఆటల వార్త ఉప్పు లేని పప్పు లాంటిదని నాకు ఎవరో నేర్పారు, నేను ఇంకెందరికో నేర్పాను. ఒకవైపు జీతం తీసుకుని ఆడిన విదేశీయుడు. ఒకవైపు కర్ర దించే మనిషి. ఏం జరుగుతుందో తెలియదా? రాశాను. పోర్చుగల్ ఆటగాడు ఆఖరి నిమిషాల్లో మెరుపు గోల్ చేసి మిల్లు కాలనీ జట్టును ఒకటి సున్నా తేడాతో గెలిపించాడని. ‘ప్రత్యర్థి గోల్‌కీపర్ నిశ్చేష్టుడై చూస్తూ ఉండిపోయాడు’ అని. చివర్లో, ఇచ్చిన మాట ప్రకారం, కీపర్ పేరు, ఊరు రాసి, మ్యాచ్ అంతా చక్కగా ఆడి పలువురి ప్రశంసలు అందుకున్నాడని చేర్చాను. మూడూ ఇరవైకి పంపాను.

డెస్క్ ఇన్‌ఛార్జి మధిర వైపు మనిషి. నాకన్నా చిన్నవాడు, చాలా మర్యాదస్తుడు. వెంటనే ఫోన్ చేశాడు.

“ఫోటో అద్భుతం అన్నా. మూడు కాలమ్‌ల వెడల్పు ఇస్తున్నాను. మ్యాటర్ కొంచెం కుదించుకుంటానండీ.”

“నీ ఇష్టం తమ్ముడూ,” అన్నాను. వార్తను కుదించేటప్పుడు చివరి నుంచి కోస్తారని నాకన్నా బాగా తెలిసినవాడు ఆ జిల్లాలో ఇంకొకడు లేడు.

తర్వాత మ్యాచ్ మొదలైంది. నేను కుర్చీలో కూర్చుని, పరీక్ష రాసి వచ్చిన విద్యార్థిలా నిశ్చింతగా చూశాను.

పోర్చుగల్ సారు పరుగెత్తలేదు. మైదానం మధ్యలో నడుస్తూ తిరిగాడు. కానీ బంతి ఎటు వెళ్లినా చివరికి ఆయన దగ్గరికే వచ్చేది. తీసుకునేవాడు, పక్కవాడికిచ్చేవాడు. పక్కవాడు మిల్లు కాలనీ కుర్రాడు, గోల్ పైనుంచి కొట్టేవాడు. ఆయన చేతులు తట్టి మళ్లీ వెళ్లి బంతి తెచ్చిచ్చేవాడు. జనానికి ఇది నచ్చలేదు. “సార్, నువ్వు కొట్టు సార్!” అని అరుపులు. ఒక పెద్దాయన నా పక్కన కూర్చుని, “ఏంది ఈయన, సద్ది మోసేటోని లెక్క అందరికీ పంచుతున్నడు?” అన్నాడు. ఒక కెరీర్ మొత్తాన్ని అంత క్లుప్తంగా నేనెప్పుడూ రాయలేదు.

ఆఖరి నిమిషాల్లో, నేను రాసిన ఆఖరి నిమిషాల్లోనే, చర్ల జట్టువాడొకడి చేతికి గోల్ ముందు బంతి తగిలింది. పెనాల్టీ. బంతి ఒకచోట పెడతారు, కొట్టేవాడు ఒకడు, ఎదురుగా కీపర్ ఒకడు. మైదానమంతా ఒక్కటే కేక, పోర్చుగల్ సారే కొట్టాలని. ఆయన వద్దన్నాడు. పక్కవాడిని ముందుకు తోశాడు. జనం ఒప్పుకోలేదు. ముఖ్య అతిథిగా పిలిచిన మిల్లు అధికారి కుర్చీలోంచి లేచి చేతులు జోడించాడు. చివరికి ఆయన బంతి పెట్టి, నాలుగడుగులు వెనక్కి నడిచాడు. నేను గడియారం చూసుకున్నాను. నా వార్త నిజం కావడానికి ఇంకో పది సెకన్లు. ఇంత కచ్చితంగా ఎప్పుడూ కుదరలేదనుకున్నాను.

ఆయన బాగా కొట్టాడు. అది చెప్పాలి. నేల మీద నుంచి కాదు, మనిషి భుజం ఎత్తులో, కుడి మూలకు. కీపర్ ఎగరలేదు. పక్కకు రెండడుగులు వేసి, రెండు చేతులూ చాచి పట్టుకున్నాడు. తోసేయలేదు, కొట్టేయలేదు, పట్టుకున్నాడు. లారీ పైనుంచి జారిన కర్రను పట్టినట్టు పట్టి, ఛాతీకి ఆనించుకుని, అలవాటు కొద్దీ పక్కకు తిరిగాడు. బంతిని ఎక్కడ పేర్చాలో చూస్తున్నట్టు. అప్పుడు గుర్తొచ్చినట్టుంది, అది కర్ర కాదని.

ఆ మైదానంలో అంత అరుపు నేనెప్పుడూ వినలేదు. పీఈటీ సారు చెప్పులు వదిలేసి పరుగెత్తాడు. పోర్చుగల్ సారు కీపర్ దగ్గరికి వెళ్లి, అతని అరచేతులు తిప్పి చూసి, ఆ గరుకు మీద వేలుపెట్టి రాసి, నవ్వాడు. మ్యాచ్ గోల్ లేకుండా ముగిసింది. నేను ఫోన్ తీసి మైదానం వెనక్కి నడిచాను.

“తమ్ముడూ, ఆ ఫుట్‌బాల్ వార్త...”

“పేజీ వెళ్లిపోయిందన్నా. అచ్చు ప్లేట్ కూడా తయారైపోయింది. ఏమైందండీ?”

“గోల్ పడలేదు.”

“పడలేదంటే... ఇంకా ఆడుతున్నారా? పడే అవకాశం ఏమన్నా ఉందా అన్నా?”

“అయిపోయింది. కీపర్ పట్టిండు.”

“పోనీలెండి. ఫుట్‌బాలే కదా. ఎవరు చూస్తారు?”

ఆదివారం పొద్దున సారపాక సెంటర్లో టీ కొట్టు దగ్గర అందరూ చూశారు. మూడు కాలమ్‌ల ఫోటో. వలలో బంతి, కాలు గాల్లో ఉన్న పోర్చుగల్ సారు, చేతులు దించుకుని నిలబడ్డ గోల్‌కీపర్. కింద వార్త. కీపర్ పేరు లేదు. ఆ లైన్ పోయింది. నిశ్చేష్టుడు మాత్రం ఉన్నాడు.

పీఈటీ సారు పేపర్ నా ముందు పడేశాడు.

“ఏందన్నా ఇది? నువ్వు ఏ గ్రౌండ్‌ల కూసున్నవు నిన్న?”

“పేజీ టైమైపోతదని ముందే...”

“ముందే? ముందే రాస్తివా? గోల్ గూడ నువ్వే కొడితివా? ఇంకేం, సోమవారం ఇంటర్వ్యూ గూడ రాసెయ్ అన్నా, వీనికి ఉద్యోగం వచ్చిందో రాలేదో ఇప్పుడే తెలుస్తది, బస్సు కిరాయన్న మిగుల్తది!”

కీపర్ అతని వెనక నిలబడి ఉన్నాడు. కోపం లేదు. పేపర్ అందుకుని, వేలుపెట్టి ఒక మాట చూపించాడు.

“నిశ్చేష్టుడంటే ఏంది సార్?”

చెప్పాను. కదలకుండా నిలబడిపోయినవాడు అని.

“మీరే కదలకన్నరు గద సార్,” అన్నాడు.

వృత్తిలో నన్ను తిట్టినవాళ్లు చాలామంది ఉన్నారు. ఒకరిద్దరు చేయి కూడా ఎత్తారు. అవేవీ ఇంత లోపలికి దిగలేదు.

ముందు గెస్ట్ హౌస్‌కు వెళ్లాను. క్షమాపణ చెప్పుకుందామని. పోర్చుగల్ సారు పేపర్ ముందు పెట్టుకుని కూర్చున్నాడు. వంటమనిషి అప్పటికే చదివి, గోల్ సార్ గోల్ అని అభినయించి చూపించాడట. ఆయన కళ్లలో నీళ్లు తిరిగేలా నవ్వుతున్నాడు. “పదిహేనేళ్లలో కొట్టలేనిది మీరు ఒక్క మధ్యాహ్నంలో కొట్టించారు.”

“తప్పయిపోయింది. రేపు సవరణ వేయిస్తాను.”

“వేయండి. ఆ చేతులున్న మనిషికి వేయండి.” పేపర్ మడుస్తూ, “ఫోటో మాత్రం మా నాన్నకు పంపేశాను,” అన్నాడు.

ఖమ్మం బస్సెక్కాను. మీకు సవరణ అంటే కంప్యూటర్లో రెండు అక్షరాలు మార్చడం. మాకు అది ఇంట్లో చావు లాంటిది. జోన్ పేజీలో సవరణ పడిందంటే హైదరాబాద్ నుంచి సంజాయిషీ అడుగుతారు. డెస్క్ ఇన్‌ఛార్జి నన్ను కూర్చోబెట్టి, టీ తెప్పించి, మెల్లగా చెప్పాడు.

“ఏడాదిలో రిటైరవుతున్నారన్నా. ఇప్పుడెందుకండీ ఇది? రేపు ఆ కుర్రాడి మీద వేరే మంచి ఐటెం రాద్దాం. గిరిజన ఆణిముత్యం అని పెడదాం. ఆ గోల్ జోలికి వెళ్లొద్దు.”

“రేపు పొద్దున పదింటికి ఇంటర్వ్యూ. వాళ్లు ఆ ఫోటో చూస్తారు. అది అబద్ధమని మనమే చెప్పాలి.”

“అయితే ఆట జరక్కముందే వార్త వచ్చిందని రాయాల్సి వస్తుంది. పొరపాటు ఎవరిదని రాయమంటారు?”

“నాదని రాయి.”

ఇదేదో త్యాగమని అనుకోవద్దు. ఆ పూట నాకు ఇంకో వాక్యం తోచలేదు. నేనే కూర్చుని నాలుగు లైన్లు రాశాను. భద్రాచలం విలేకరి పొరపాటు వల్ల గోల్ పడినట్టు ప్రచురితమైందని, నిజానికి పోర్చుగల్ ఆటగాడు కొట్టిన పెనాల్టీని చర్ల జట్టు గోల్‌కీపర్ పట్టుకున్నాడని. అతని పేరు, ఇంటిపేరు, ఊరు. ఈసారి అతని పేరు మొదటి లైన్లో పెట్టాను. కోయాలంటే నన్ను కోయాలి.

సోమవారం ఆ నాలుగు లైన్లు జామాయిల్ వేలం ప్రకటన కింద వచ్చాయి. మా సవరణలకు ఎప్పుడూ ఇచ్చే చోటు అదే, ఎవరూ చూడని చోటు. కీపర్ దాన్ని కత్తిరించి, ఆదివారం ముక్కతో కలిపి ఫైల్లో పెట్టుకుని భద్రాచలం గిరిజన సంక్షేమ ఆఫీసుకు ఇంటర్వ్యూకు వచ్చాడు. నేనూ, పీఈటీ సారూ బయట వరండాలో నిలబడ్డాం. తలుపు తెరిచే ఉంది. లోపల ముగ్గురు అధికారులు. పెద్దాయన రెండు కటింగులూ పక్కపక్కన పెట్టాడు.

“దీంట్లో గోల్ పడ్డదని ఉంది. దీంట్లో పడలేదని ఉంది. ఫోటోలో బంతి వలలోనే ఉంది. ఏది నమ్మాలయ్యా?”

కీపర్ ఏదో అన్నాడు. వినబడలేదు.

“గట్టిగా చెప్పు.”

“రెండూ పేపర్లనే వచ్చినయి సార్. పేపర్ ఇడిసిపెట్టుండ్రి. బయట జాగా ఉన్నది. బంతి తెచ్చిన. మీరు కొట్టి చూడుండ్రి.”

పీఈటీ సారు తల పట్టుకున్నాడు. ముగ్గురిలో చిన్నాయన నవ్వు ఆపుకోలేక లేచాడు. కాలేజీలో ఆడాడట. వరండా దిగి, బూట్లు విప్పి, సాక్సులతో నిలబడ్డాడు. ఆఫీసు గేటు రెండు స్తంభాలే గోల్. ఫైళ్లు పట్టుకున్న అభ్యర్థులు, అటెండర్లు, చెట్టు కింద కూర్చున్న జనం అందరూ చుట్టూ చేరారు. మొదటి బంతి పట్టాడు. రెండోది పట్టాడు. మూడోది గట్టిగా కింది నుంచి వచ్చింది. పడి పట్టాడు. ఇంటర్వ్యూ చొక్కా మోచేతి దగ్గర చిరిగింది.

“సాలు సార్?” అని అడిగాడు, మట్టి దులుపుకుంటూ.

“నాకు చాలు,” అన్నాడు చిన్నాయన, రొప్పుతూ.

ఉద్యోగం వచ్చింది. నాకు మెమో వచ్చింది. రిటైరైన రోజు శాలువా కప్పి, నా నిబద్ధత గురించి మాట్లాడినవాళ్లు ఆ మెమో మీద సంతకం చేసినవాళ్లే. అదొక మంచి సభ. వార్త ముందే రాసి ఉంచారు.

యంత్రం బిగించడం పూర్తయ్యాక పోర్చుగల్ సారు వెళ్లిపోయాడు. కొన్నాళ్లకు పీఈటీ సారు ఫోన్‌కు ఒక ఫోటో పంపాడు. వాళ్లూరి కాఫీ దుకాణం గోడ మీద మా జోన్ పేజీ ముక్క. పక్కన ఒక ముసలాయన, దాన్ని వేలితో చూపిస్తూ. కింద ఇంగ్లిష్‌లో నాలుగు మాటలు. నాన్నకు నిజం చెప్పేశానని, ఆయన నమ్మలేదని, పేపర్లో వచ్చింది అబద్ధమెట్లా అవుతుందని కోప్పడ్డాడని. పేపర్ అబద్ధం చెప్పదని నమ్మిన పాఠకుణ్ణి నా ఉద్యోగమంతా వెతికాను. పోర్చుగల్‌లో ఉన్నాడు. తెలుగు రాదు.

మొన్న చర్ల వెళ్లాను. ఆ ఆశ్రమ పాఠశాలలో ఆటల రోజు, నన్ను పిలిచారు. కోచ్ ఇప్పుడు గట్టిగా మాట్లాడుతున్నాడు. పిల్లల మీద అరిచి అరిచి గొంతు వచ్చింది. ఆటసామాన్ల గదిలో గోడ మీద ఆ నాలుగు లైన్ల ముక్క ఉంది, లామినేషన్‌తో. పెద్ద ఫోటో కూడా ఉంటుందేమోనని చూశాను.

“అది యాడున్నది?” అని అడిగాను.

“ఇంట్ల ఉన్నది సార్. మా అమ్మకు నా ఫోటో ఉన్నదే ఇష్టం.”

సాయంత్రం నాలుగున్నరకు చివరి ఆట. ఒక ఆడపిల్ల కోచ్ మీద పెనాల్టీ కొట్టాలి, అది వాళ్ల వాడుక, ప్రతి ఏడూ ఒకరికి ఆ అవకాశం. చెప్పుల్లేని కాలు. ఆ పిల్ల బంతి పెట్టి, చాలా దూరం వెనక్కి నడిచింది. ముప్పై ఏళ్ల అలవాటు ఊరుకోదు. నా తలలో వాక్యం అప్పటికే తయారవుతోంది. చిన్నారి గోల్ చేస్తుంది, కోచ్ కావాలనే వదిలేస్తాడు, అందరూ చప్పట్లు కొడతారు. కోచ్ నా వైపు తిరిగాడు.

“సార్, ఇంకా కొట్టలే,” అన్నాడు నవ్వుతూ.

ఆ పిల్ల పరుగెత్తుకొచ్చి కొట్టింది. గోల్ పడలేదు. కోచ్ పట్టనూ లేదు. బంతి అతని తల మీదుగా, గోడ మీదుగా వెళ్లి అవతల జామాయిల్ తోటలో ఎక్కడో పడింది. పిల్లలంతా ఆట వదిలేసి గోడ దూకి వెతకడానికి పోయారు. వాళ్ల వెనకే కోచ్ కూడా. చీకటి పడేదాకా దొరకలేదు. నా బస్సు టైమైంది. దొరికిందో లేదో నాకు తెలియదు.